నవ్వుల ఆటలో చదువు

జవాబు తెలిసి కూడా లేచి చెప్పని పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. మాట తడబడితే తోటివాళ్లు నవ్వుతారన్న భయంతో వాళ్లు నోరు విప్పరు. ముఖ్యంగా ఆడపిల్లల్లో ఈ మౌనాన్ని ఉపాధ్యాయులుగా మేము ఏటా చూస్తున్నాం. అయితే భయపెట్టే ఆ నవ్వునే భయం పోగొట్టడానికి వాడుకోవచ్చు. అందుకు పనికొచ్చేదే అప్పటికప్పుడు అల్లి ఆడే హాస్య పోటీ.

ఇందులో ముందుగా రాసుకున్న మాటలుండవు. ప్రేక్షకులు ఒక సందర్భం ఇస్తారు. పిల్లలు వెంటనే నటిస్తారు. మధ్యలో గంట కొట్టి ఉపాధ్యాయుడు పాఠంలోని ప్రశ్న అడుగుతాడు. జవాబు కూడా ఆటలో భాగంగానే రావాలి.

ఈ పద్ధతికి అమెరికాలో పునాది వేసిన వారిలో వయోలా స్పోలిన్ ముఖ్యురాలు. ఆటల ద్వారా బోధించే నీవా బాయ్డ్ దగ్గర ఆమె శిక్షణ పొందారు. 1939 నుంచి షికాగోలో ప్రభుత్వ పథకం కింద, వలస వచ్చిన కుటుంబాల పిల్లలతో పనిచేశారు. భాషలు వేరైన పిల్లలను కలపడానికి ఆమె ఆటలు రూపొందించారు. వాటితో 1963లో పుస్తకం వెలువరించారు.

మనకూ ఇది కొత్త కాదు. తెలుగువారి అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అడుగుతుంటే అవధాని అక్కడికక్కడే పద్యం చెబుతాడు. అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడి పని చమత్కారపు ప్రశ్నలతో ఆయన ఏకాగ్రతను చెదరగొట్టడమే. ఉర్దూలో బైత్‌బాజీ ఉంది. ఒకరి కవిత ఏ అక్షరంతో ముగిస్తే ఎదుటివారు ఆ అక్షరంతో మొదలయ్యే కవిత అందుకోవాలి. రెండు సంప్రదాయాలూ మన పిల్లల సొత్తే.

వీటి ఆధారంగా మూడు ఆటలు సూచిస్తున్నాం.

ఒకటి, నిషిద్ధాక్షరి. ‘క’ అక్షరం పలకకుండా ఒక నిమిషం తన ఊరి గురించి చెప్పాలి. ‘బడికి’ అన్నా ఔటే! పదసంపద పెరుగుతుంది.

రెండు, మిర్చి బేరం. ఒకరు రైతు, ఒకరు వ్యాపారి. వ్యాపారి ప్రతి మాటా ప్రశ్నగానే అడగాలి. బేరం ముదిరినప్పుడు గంట మోగుతుంది: “క్వింటా 15,000 రూపాయలైతే 40 కిలోల టిక్కీకి ఎంత?” 6,000 అని చెప్పాకే బేరం సాగాలి.

మూడు, దుబాసీ. ఒకరు ఉర్దూలో ఉపన్యాసం ఇస్తే, మరొకరు తెలుగులో నవ్వొచ్చేలా చెప్పాలి. స్పోలిన్ ఆటల్లో అర్థంలేని భాషను ‘అనువదించే’ ఆట ఇలాంటిదే. తరగతిలో వెనకబడేలా చేసిన రెండు భాషలే ఇక్కడ ఆ బిడ్డకు బలమవుతాయి. ఈ ఒక్క ఆట కోసమైనా ఈ ప్రయత్నం చేయదగ్గది.

నియమాలు రెండు చాలు. తోటివారు ఏం చెప్పినా కాదనకుండా దాన్ని పొడిగించాలి. సందర్భాన్ని చూసి నవ్వవచ్చు గాని ఎవరి రూపాన్నీ, యాసనూ, పేదరికాన్నీ చూసి నవ్వకూడదు. రెండో నియమం తప్పితే ఉపాధ్యాయుడు ఆట ఆపేయాలి.

దాతలైన పెద్దలకు మా మనవి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. వారానికి ఒక గంట ఒక గది, పరచుకోవడానికి చాపలు, ఒక గంట, ఓపికగల ఒక ఉపాధ్యాయుడు లేదా ఉపాధ్యాయిని ఉంటే సరిపోతుంది. మీరు ఇవ్వదలచిన బహుమతి మాత్రం గెలిచినవారికి కప్పుగా కాక, పాల్గొన్న ప్రతి బిడ్డకూ ఒక నోటుపుస్తకంగా ఇవ్వండి. మెప్పు కోసం, మందలింపుకు భయపడి ఆడే పిల్లలు స్వేచ్ఛగా ఆడలేరని స్పోలిన్ చెప్పింది ఇందుకే. కప్పు ఒకరికే దక్కితే మిగిలినవారు మళ్లీ వెనక బెంచీకి చేరతారు.

ఫలితం కొలవడానికీ పరీక్ష అక్కర్లేదు. మొదటి వారం నోరు విప్పని పిల్లల పేర్లు రాసుకోండి. మూడు నెలల తర్వాత వారిలో ఎందరు తమంతట తాము లేచి మాట్లాడుతున్నారో లెక్కించండి. మీరిచ్చిన సొమ్ముకు ఆ లెక్కే రసీదు.