ఆయుధాల వర్క్‌షాప్ నుంచి కృష్ణపట్నం ప్లాంటు దాకా

ఆర్మీలో పదిహేడేళ్లు రైఫిళ్లు, మెషిన్‌గన్లు, మోర్టార్లు బాగుచేసిన ఆర్మరర్‌కు నెల్లూరు తిరిగొచ్చాక ముందుగా దొరికేది చాలాసార్లు గన్‌మన్ ఉద్యోగమే. చేరడం తేలిక. రెండేళ్లు గడిచాక మాత్రం రెజ్యూమెలో టెక్నీషియన్ కనిపించడు, సెక్యూరిటీ గార్డే కనిపిస్తాడు. అప్పుడు మెయింటెనెన్స్‌కు మారాలంటే ఐటీఐ పూర్తిచేసిన కుర్రాళ్లతో పోటీపడాలి. పెన్షన్ వస్తోంది కదా, మొదటి ఆఫర్‌కే తలూపకండి.

సొంతంగా ఆయుధాల రిపేరు షాపు పెడదామనే ఆలోచనా వస్తుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తయారీకి, అమ్మకానికే కాదు, రిపేరుకూ టెస్టింగుకూ లైసెన్సు ఉండాలి. తెలిసినవాళ్లు తుపాకీ తెచ్చి "కాస్త చూడన్నా" అన్నా చెయ్యి పెట్టకండి.

పని ఎక్కడుంది?

ముత్తుకూరు వైపు చూడండి. కృష్ణపట్నం పోర్టులో క్రేన్లు, కన్వేయర్లు ఉన్నాయి. పక్కనే నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ ప్లాంటు, 800 మెగావాట్ల యూనిట్లు మూడు. పోర్టు చుట్టూ వంటనూనె రిఫైనరీలు. తీరం పొడవునా రొయ్యల చెరువులు, హ్యాచరీలు; అక్కడ ఏరేటర్, పంపు, జనరేటర్ ఏది ఆగినా రాత్రికి రాత్రే పంట పోతుంది. దక్షిణాన శ్రీహరికోటలో ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రం షార్ ఉంది.

వీళ్లలో ఎవరికీ ఆయుధాలు తెలిసినవాడు అక్కర్లేదు. గేజ్ పెట్టి అరుగుదల కొలిచి, భాగం మార్చాలా ఉంచాలా తేల్చి, టెస్ట్ చేసి, రికార్డు రాసి అప్పగించేవాడు కావాలి. హెడ్‌స్పేస్ చూసిన చేతికి క్లియరెన్స్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఫిరంగుల రికాయిల్ సిస్టమ్ మీద పనిచేసిన గన్ ఫిట్టర్‌కు నైట్రోజన్ ప్రెషర్, ఆయిల్ సీల్స్ తెలుసు. హైడ్రాలిక్ మెషిన్లకు అదే పునాది. ఉప్పుగాలికి ఇనుము ఎంత త్వరగా తుప్పు పడుతుందో, దాన్ని ఎలా ఆపాలో కూడా తెలుసు.

రానివేమిటో కూడా ఒప్పుకోవాలి. పెద్ద పంపుల అలైన్‌మెంట్, బేరింగుల వైబ్రేషన్, వర్క్ పర్మిట్ పద్ధతి, కరెంటు ఆపి తాళం వేసి పని మొదలుపెట్టడం, పని వివరాలు కంప్యూటర్లో ఎక్కించడం మీకు కొత్త. ఇంటర్వ్యూలో ఇవన్నీ వచ్చని బుకాయిస్తే, ప్లాంటు ఆపి రిపేర్లు చేసే మొదటి షట్‌డౌన్‌లోనే దొరికిపోతారు.

రెజ్యూమె

ఒక హవల్దార్ "ఇన్సాస్ రైఫిళ్లు, 81 ఎంఎం మోర్టార్ల రిపేరు, 17 ఏళ్లు" అని రాశాడనుకుందాం. హెచ్ఆర్ మనిషికి అందులో తన పనికొచ్చేది ఏదీ కనపడదు. అదే అనుభవాన్ని "గేజ్‌లతో తనిఖీ, భాగాల మార్పిడి, ఫంక్షన్ టెస్ట్, స్పేర్‌పార్ట్స్ ఇండెంట్, జూనియర్ల పని పర్యవేక్షణ" అని రాస్తే మాట్లాడటానికి పిలుస్తారు. హోదా పెంచి "మెకానికల్ ఇంజినీర్" అని మాత్రం వేసుకోవద్దు. యూనిట్ ఉన్న చోటు, ఆయుధాల సంఖ్య, వాటి లోపాలు ఎక్కడా రాయొద్దు, ఇంటర్వ్యూలో చెప్పొద్దు. 1923 అధికార రహస్యాల చట్టం డిశ్చార్జ్ తర్వాతా వర్తిస్తుంది.

కాగితాల దగ్గరే దెబ్బ

కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం, కేంద్ర ప్రభుత్వరంగ సంస్థల్లో 14.5 శాతం రిజర్వేషన్ ఉంది. రిజర్వేషన్ ఉన్నా ట్రేడ్ అర్హత తప్పదు. షార్‌లో టెక్నీషియన్-బి పోస్టుకు పదో తరగతితో పాటు సంబంధిత ట్రేడ్‌లో ఐటీఐ సర్టిఫికెట్ అడుగుతారు. పదిహేనేళ్ల సర్వీసుకు ఇచ్చే గ్రాడ్యుయేషన్ సమానత్వం టెక్నికల్ అనుభవం తప్పనిసరైన పోస్టులకు పనికిరాదు. చాలామంది ఫీజు కట్టి, పరీక్ష రాసి, సర్టిఫికెట్ల పరిశీలనలో వెనక్కొచ్చేది ఇక్కడే. సర్వీసులో ఉండగానే డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ (డీజీఆర్) పునరావాస కోర్సుకు పేరు ఇవ్వండి. మేనేజ్‌మెంట్ కోర్సు సుఖంగా ఉంటుంది, ఉద్యోగం తెచ్చేది ట్రేడ్ కోర్సు.

ఇంకో మెలిక ఉంది. రిజర్వేషన్‌తో ఒక ప్రభుత్వ ఉద్యోగంలో చేరితే తర్వాతి ఉద్యోగానికి ఆ రిజర్వేషన్ మామూలుగా రాదు. చేరేముందే వేరే పోస్టులకు అప్లై చేసి ఉంటే, చేరగానే ఆ దరఖాస్తుల వివరాలన్నీ ఆఫీసులో రాసిచ్చి రసీదు తీసుకోండి.

అగ్నివీరులకు లెక్క వేరు. నాలుగేళ్లతో బయటికొచ్చేవాళ్లకు పెన్షన్ లేదు, సేవానిధి ఒక్కటే. మాజీ సైనికుల కోటా మీద ఆశ పెట్టుకోకుండా ఆ డబ్బులో కొంత ట్రేడ్ సర్టిఫికెట్‌కు కేటాయించాలి.

చేరేముందు అడగాల్సినవి

ప్లాంట్లలో మెయింటెనెన్స్ చాలావరకు కాంట్రాక్టర్ల చేతిలో నడుస్తుంది. గేటు మీద పేరు ఒకరిది, జీతం ఇచ్చేది ఇంకొకరు. నియామక పత్రం ఎవరిస్తారు, పీఎఫ్ ఎవరు కడతారు, ఓవర్‌టైమ్ లెక్క ఏమిటి, షట్‌డౌన్ అయిపోయాక పని ఉంటుందా అని ముందే అడగండి. నోటిమాట మీద చేరినవాళ్లను షట్‌డౌన్ ముగిసిన వారానికే పంపేస్తారు. పోర్టులో పోస్టు ఇప్పిస్తానని డబ్బు అడిగేవాడి దగ్గర అసలు ఆగకండి.

మొదటి ఉద్యోగంలో మీకంటే పదిహేనేళ్లు చిన్నవాడు సూపర్‌వైజర్ కావచ్చు. ర్యాంకు గుర్తుచేసి లాభం లేదు. మొదటి ఏడాది ఆ ప్లాంటు మెషిన్లు, పర్మిట్ పద్ధతి నేర్చుకుంటే రెండో ఏడాది జీతం గురించి గట్టిగా మాట్లాడవచ్చు. డిశ్చార్జ్‌కు ఇంకా ఏడాది ఉందనగానే డిశ్చార్జ్ బుక్‌లో మీ ట్రేడ్, కోర్సులు సరిగ్గా ఎక్కాయో లేదో రికార్డ్ ఆఫీసుతో సరిచూసుకోండి. యూనిఫాంలో ఉండగా ఒక దరఖాస్తుతో అయ్యే దిద్దుబాటుకు, బయటికొచ్చాక నెలల తరబడి ఉత్తరాలు రాయాల్సి వస్తుంది.