మెడ మీద మచ్చ లేకపోయినా

కళ్యాణదుర్గం వైపు పల్లెలో ఏఎన్ఎంగా కొత్తగా చేరిన చిరంజీవి మేనకోడలికి మేనత్త ఆశీర్వదించి రాసిన లేఖ.

లైంగిక దాడికి గురైన స్త్రీ ఆరోగ్య కార్యకర్త దగ్గరకు వచ్చినప్పుడు దెబ్బలు, రక్తస్రావం, గర్భం నిలుస్తుందేమోనన్న భయం ముందుగా చర్చకు వస్తాయి గాని, గొంతు పిసికిన సంగతి చాలాసార్లు ఆమె చెప్పదు, ఎదుటివారూ అడగరు. ప్రాణం మీదికి తెచ్చే గాయం అదే కావచ్చు. ఆ ప్రమాదమంతా ఊపిరి ఆడకపోవడంలోనే ఉందనుకోవడం సరికాదు. మెడకు ఇరువైపులా మెదడుకు రక్తాన్ని చేర్చే కెరోటిడ్ ధమనులు, దాన్ని తిరిగి గుండెకు తెచ్చే జుగులార్ సిరలు ఉంటాయి. సిరల గోడలు పలచన కాబట్టి కొద్దిపాటి ఒత్తిడికే మూసుకుపోతాయి. అప్పుడు పైకెక్కిన రక్తం దిగే దారి లేక సన్నని నాళాలు చిట్లి, కంటి రెప్పల లోపల సూదిమొనంత ఎర్రచుక్కలు పడతాయి, వీటినే పెటీకియా అంటారు. ధమనులు రెండూ మూసుకుపోతే దాదాపు 10 సెకన్లలో స్పృహ తప్పుతుంది, కొన్ని నిమిషాలు అదే స్థితి సాగితే మెదడు కణాలు చనిపోవడం మొదలవుతుంది.

ఈ గాయం ఎంత దూరం పోగలదో అరుణా శాన్‌బాగ్ జీవితం చూపింది. కర్ణాటకలోని హల్దీపూర్ నుంచి వెళ్లి బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్న ఆమెపై 1973 నవంబరు 27న అక్కడి ఉద్యోగి ఒకడు కుక్క గొలుసు మెడకు బిగించి లైంగిక దాడి చేయగా, మెదడుకు ప్రాణవాయువు అందక ఆమె తిరిగి కోలుకోలేని స్థితికి చేరి, 2015 మే 18న మరణించేవరకు సుమారు 42 ఏళ్లు అదే ఆసుపత్రి మంచం మీద తోటి నర్సుల సేవలో గడిపింది. నేరస్థుడికి హత్యాయత్నం, దోపిడీ కింద శిక్ష పడింది గాని, అత్యాచార అభియోగమే మోపలేదు.

‘మెడ మీద మచ్చ కూడా లేదు కదా’ అన్న మాట ఇళ్లలోనూ పంచాయితీల్లోనూ వినబడుతూనే ఉంటుంది. అమెరికాలోని శాన్ డియాగోలో పోలీసుల దృష్టికి వచ్చిన 300 గొంతు నులిమిన కేసులను పరిశీలించి 2001లో ప్రచురించిన అధ్యయనంలో సగం మందికి పైకి కనిపించే గాయమే లేదు, ఫొటోలో తెలిసేంత గుర్తు ఉన్నవారు నూటికి 15 మంది మాత్రమే. వేరుశనగ చేలో ఎండకు నల్లబడిన మెడ మీద కమిలిన చోటు మరీ కానరాదు. కనుక ఆరోగ్య కార్యకర్త ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టుకుని, ‘గొంతు పట్టుకున్యాడా, కండ్లు తిరిగినాయా, బట్టల్లోనే మూత్రం పోయిందా’ అని ఆమెకు తెలిసిన మాటల్లోనే నెమ్మదిగా అడగాలి. ఆ తర్వాత పగటి వెలుతురులో కింది రెప్పను కొద్దిగా దించి, చెవుల వెనుకా జుట్టు పాయల మధ్యా చూడాలి. మెడ మీద గోటి గీతలుంటే, బిగించిన చేతులను వదిలించుకోబోయి ఆమే చేసుకున్నవి కావచ్చు. గొంతు బొంగురుపోవడం, గుటక పడకపోవడం, జరిగిన దానిలో కొంత భాగం గుర్తులేకపోవడం కూడా లక్షణాలే. గుర్తులేదన్న మాటను అబద్ధమని కొట్టిపారేయడం ఘోరమైన తప్పు.

దాడి తర్వాత ఆమె నడిచి వచ్చిందని ధైర్యపడరాదు. గొంతులో వాపు గంటల తర్వాత పెరిగి శ్వాసదారిని మూసివేయవచ్చు. ధమని లోపలి పొర చిరిగితే అక్కడ గడ్డకట్టిన రక్తం రోజులు, ఒక్కోసారి వారాల తర్వాత మెదడుకు చేరి పక్షవాతం తేవచ్చు. గర్భిణి అయితే కడుపులోని బిడ్డకూ ముప్పే. మెడ రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రఫీ మండలంలోని పీహెచ్‌సీలో ఉండదు కాబట్టి 108 అంబులెన్సులో అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పంపడమే మేలు. మగవాళ్లు బెంగళూరుకు వలస పోయిన ఇళ్లలో, వాళ్లు వచ్చాక చూద్దామనే మాట తప్పక వస్తుంది, దాన్ని ఒప్పుకోకూడదు. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటలలోపు, ఎంత ముందైతే అంత మంచిది, మొదలుపెట్టాలి. గర్భనిరోధక మాత్రకూ ఆలస్యం చేయరాదు. సాక్ష్యం కోసం స్నానం చేయకపోవడం మంచిదే గాని, చేసేసిందని ఆసుపత్రికి పోవడం మానకూడదు.

కట్టుకున్నవాడే గొంతు పిసికినా వైద్యం ఇదే. భార్య మేజరైతే భర్త బలవంతాన్ని మన చట్టం అత్యాచారంగా పరిగణించదు గాని, చిరిగిన ధమనికి ఆ మినహాయింపు వర్తించదు. భర్త గాని సహచరుడు గాని గతంలో ఒకసారి గొంతు నులిమి ఉంటే, ఆ స్త్రీ అతని చేతిలోనే హత్యకు గురయ్యే ముప్పు ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని 2008లో వెలువడిన అమెరికా అధ్యయనం తేల్చింది. అలాంటి స్త్రీని రాజీ పేరిట అదే ఇంటికి తిరిగి పంపే పెద్దరికం పెద్దరికం కాదు.

భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ప్రకారం అత్యాచార బాధితురాలికి ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా వెంటనే ఉచితంగా చికిత్స చేసి పోలీసులకు తెలియజేయాలి. పోలీసు కాగితం తెమ్మని తిప్పి పంపే అధికారం ఎవరికీ లేదు, నిరాకరించినవారికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. ఈ సెక్షన్ నంబరును, మహిళా సహాయవాణి 181ని చిరంజీవి తన డైరీ మొదటి పేజీలోనే రాసి పెట్టుకోవాలి.