తాండూరు బండలో అడవి దొరకదు



నువ్వు పంపిన ఫొటో అందింది. మీ తాండూరు ఇంటి వరండాలో పరిచిన నాపబండ మీద నల్లటి కొమ్మ, దానికి రెమ్మలు, రెమ్మలకు సన్నటి ఆకులు. "ఇది శిలాజమేనా తాతా?" అని అడిగావు. కాదు బిడ్డా, అది మాంగనీసు. బండ పొరల సందుల్లోకి దిగిన నీటిలో కరిగి ఉన్న మాంగనీసు, ఆక్సైడుగా పేరుకుంటూ ఇలా కొమ్మలు కొమ్మలుగా పాకుతుంది. దీన్ని డెండ్రైట్ అంటారు. లెన్సు పెట్టి చూడు. కాడకూ ఆకుకూ తేడా ఉండదు, నడిమి ఈనె ఉండదు, ఎక్కడ చూసినా ఒకే తీరు చీలిక. నిజమైన ఆకుకు ఒక అంచు ఉంటుంది, ఈనెలు ఆ అంచు దాకా వెళ్లి ఆగుతాయి. డెండ్రైట్ చాలాసార్లు బండ పగులు దగ్గర మొదలై లోపలికి పాకుతుంది. అనుభవం ఉన్నవాళ్లు కూడా మొదటి చూపులో దీన్ని ఫెర్న్ అనుకుంటారు, నువ్వు అనుకోవడంలో వింత లేదు.

నిజానికి తాండూరు బండలో ఆకు దొరకదని ఫొటో చూడకుండానే చెప్పవచ్చు. మీ ఊరి గనుల్లో తీసే సున్నపురాయి భీమా బేసిన్‌కు చెందినది. కర్ణాటకలోని షాబాద్ బండ కూడా దీని తోబుట్టువే. ఒకప్పుడు ఇక్కడ నిలిచిన సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద గట్టిపడి ఈ బండ అయింది. దాని వయసు 54 కోట్ల ఏళ్లకు పైమాటే. నేల మీద మొక్కలు మొలిచింది సుమారు 47 కోట్ల ఏళ్ల కింద. అడవి అనదగ్గది ఏర్పడింది సుమారు 39 కోట్ల ఏళ్ల కిందటి మాట. ఆ సముద్రానికి ఒడ్డు ఉండే ఉంటుంది గానీ, ఆ ఒడ్డున ఒక్క చెట్టు కూడా ఉండే వీలు లేదు. అందుకే సుత్తి కొనేముందు కాలి కింది రాయి వయసు తెలుసుకోవాలి.

అదే తాండూరులో రైలెక్కి వికారాబాద్‌లో దిగితే లెక్క మారిపోతుంది. ఇక్కడి అనంతగిరి గుట్టలు దక్కను లావా మీద నిలబడ్డాయి. పైన ఎర్రటి లాటరైట్, కింద నల్లరాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద ఆ లావా ఒక్క ఊపున పారలేదు, విడతలు విడతలుగా పారింది. విడతకూ విడతకూ మధ్య ఏళ్లకు ఏళ్లు తెరిపి. ఆ తెరిపిలో చెరువులు నిండాయి, నాచు పెరిగింది, నత్తలు పాకాయి, గట్ల మీద మొక్కలు మొలిచాయి. మళ్లీ లావా వచ్చి అన్నింటినీ కప్పేసింది. రెండు నల్లరాతి పొరల మధ్య ఇరుక్కున్న ఆ పలుచటి బురద పొర మన వికారాబాద్ జిల్లాకు పెద్ద ఆస్తి.

పరిగి దగ్గరి నస్కల్ గ్రామం ప్రపంచానికి తెలిసింది ఈ పొర వల్లే. శాస్త్రవేత్తలు గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ అక్కడి మట్టిని జల్లించి, డైనోసార్ల కాలపు చిన్న క్షీరదం పళ్లను బయటకు తీశారు. ఆ క్షీరదానికి డెక్కనోలెస్టెస్ అని పేరు పెట్టారు. 1988లో ఈ సంగతి 'నేచర్' పత్రికలో వచ్చింది. భారతదేశంలో క్రెటేషియస్ కాలపు క్షీరదం దొరకడం అదే మొదలు. ఆ తర్వాత అదే పొరలోని పుప్పొడి రేణువులను, సిద్ధబీజాలను పరిశీలించిన శాస్త్రవేత్తలు అది క్రెటేషియస్ చివరి ఘట్టానిదేనని తేల్చారు. కంటికి కనబడని పుప్పొడి రాతి వయసుకు సాక్ష్యం చెప్పింది. మొక్కల శిలాజమంటే పెద్ద మొద్దో అందమైన ఆకో కానక్కర్లేదని ఈ తాత పదే పదే చెప్పేది ఇందుకే.

ఇక నిజమైన ఆకు శిలాజాల సంగతికి వద్దాం. బొగ్గుగా మారిన చిత్తడి అడవి మన రాష్ట్రంలో ఉంది, కానీ మన జిల్లాలో లేదు. దానికోసం గోదావరి లోయకు పోవాలి. 1871లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. ఇప్పుడు సింగరేణి గనుల సంస్థ ఏడాదికి సుమారు 7 కోట్ల టన్నులు తవ్వి తీస్తోంది. కరెంటు లెక్కల్లో, టన్నుల లెక్కల్లో ఆ బొగ్గు గురించి అందరూ మాట్లాడతారు. అది ఒకప్పటి అడవి అని తలచుకునేవాళ్లు తక్కువ. తలచుకోవాల్సిన సంగతి.

ఆ అడవి పర్మియన్ కాలానిది, 30 కోట్ల ఏళ్ల నుంచి 25 కోట్ల ఏళ్ల కిందటి వరకు నడిచిన కాలం అది. బొగ్గు అడవి అనగానే పుస్తకాల్లో బొమ్మలు చూపేది యూరప్, అమెరికాల కార్బోనిఫెరస్ చిత్తడులను. అవి ఉక్కపోత నేలలు, అక్కడ పొలుసుల బెరడున్న లెపిడోడెండ్రాన్ చెట్లు. మనది వేరు. అప్పుడు మన నేల గోండ్వానా ఖండంలో భాగంగా దక్షిణాన, చలి ప్రాంతంలో ఉండేది. గోదావరి లోయలో బొగ్గు పొరల కింద తాల్చీర్ రాళ్లు ఉన్నాయి, హిమానీనదాలు మోసుకొచ్చిన గుండ్లు వాటిలో కనిపిస్తాయి. మంచు వెనక్కి తగ్గాక ఆ పల్లపు నేలల్లో గ్లోసోప్టెరిస్ చెట్లు అల్లుకున్నాయి. అవి చలికాలానికి ఆకులు రాల్చేవి. అందుకే ఒక్కోసారి ఒకే రాతి పలక మీద ఆకు మీద ఆకు పరిచినట్టు దొరుకుతాయి.

ఆ ఆకును ఎలా గుర్తుపట్టాలో చెబుతా. పొడవాటి నాలుక ఆకారం. మధ్యలో స్పష్టమైన నడిమి ఈనె. దాని నుంచి రెండు వైపులా సన్నటి ఈనెలు వంపు తిరిగి బయలుదేరి, ఒకదానితో ఒకటి కలుస్తూ వల అల్లుతాయి. పదింతలు పెద్దది చేసే లెన్సు పట్టి, వెలుతురు పక్క నుంచి ఏటవాలుగా పడేలా పలకను తిప్పు. నెత్తిన ఎండలో కనబడని వల సాయంత్రపు ఎండలో తేలుతుంది. వల ఉండి నడిమి ఈనె లేకపోతే అది గంగమోప్టెరిస్. పక్కనే వెన్నుపూసల వరసలాంటి గుర్తు కనిపిస్తే వదిలిపెట్టకు, అది అదే చెట్టు వేరు. దాని పేరు వెర్టిబ్రేరియా. బురదలో ఊపిరాడటానికి ఆ వేరు లోపల గాలి గదులు ఉండేవి.

ఈ ఆకు విలువ ఎంతో చెప్పే సంగతి అంటార్కిటికాలో జరిగింది. 1912లో దక్షిణ ధ్రువం చేరి తిరిగి వస్తూ అన్వేషకుడు స్కాట్ బృందం మంచులో ప్రాణాలు విడిచింది. ఆకలితో, మంచు కొరుకుడుతో అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో కూడా వాళ్లు సుమారు 16 కిలోల రాళ్లను పారేయలేదు. ఆ రాళ్లలో గ్లోసోప్టెరిస్ ఆకులున్నాయి. ఇల్లందు బొగ్గు పక్కన, అంటార్కిటికా మంచు కింద ఒకే చెట్టు ఆకు. ఈ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసి ఉన్నాయనడానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం కావాలంటే వెతుక్కోవాలి.

అలాగని ఈ ఆకు కోసం బొగ్గుబాయి దగ్గరికి ఒంటరిగా పోకు. 18 ఏళ్లు నిండనివాళ్లను గనిలో పని జరిగే చోటికి రానివ్వరు. ఓపెన్‌కాస్టు గనుల పక్కన బొగ్గు మీది మట్టినీ రాయినీ తీసి పోసే గుట్టల్లో పలకరాళ్లు ఉంటాయి, కానీ అవి ఎప్పుడు జారతాయో చెప్పలేం. నీకు ఇప్పుడు అందుబాటులో ఉన్నది మన పక్కనున్న లావా మధ్య పొరే. బావి తవ్విపోసిన మట్టి చూడు, పొలం యజమానిని అడిగి చూడు. రిజర్వు ఫారెస్టులో రాయి ముట్టుకోకు. మట్టిగడ్డను బాగా ఎండబెట్టి నీళ్లలో వేస్తే దానంతట అదే విచ్చుకుంటుంది. సన్నటి జల్లెడలో కడిగి, మిగిలింది ఆరబెట్టి లెన్సు కింద చూడు. నత్తగుల్ల ముక్కలు, కారా అనే నీటిమొక్క కాయలు దొరకవచ్చు. ఆ కాయ మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, దాని చుట్టూ మెలికలు తిరిగిన గీతలు ఉంటాయి. కారా ఇప్పటికీ మన చెరువుల్లో పెరుగుతోంది.

ఎప్పుడైనా ఆకు పలక చేతికొస్తే నీళ్లతో కడగకు, వార్నిషు పూయకు. నల్లటి కార్బన్ పొర లేచిపోతుంది. పలక రెండుగా విడిపోతే రెండు ముక్కలూ దాచు. ఒకదానిలో కనబడని ఈనె రెండోదానిలో కనబడుతుంది. మెత్తటి కాగితం చుట్టి, పాత పేపరులో మడిచి పెట్టు. రాయి మూలన చిన్న తెల్ల రంగు చుక్క వేసి దాని మీద నంబరు రాయి. అదే నంబరు కింద పుస్తకంలో ఊరు, పొలం, తేదీ, ఏ పొరలో దొరికింది, దాని పైనా కిందా ఏ రాయి ఉంది రాసుకో. ఇవి లేని శిలాజం షోకేసులో బొమ్మగా మిగులుతుంది, ఎంత అందంగా ఉన్నా దాని మీద ఎవరూ పరిశోధన చేయలేరు. వింతగా ఏదైనా దొరికితే దాచుకోకుండా చూపించాలి. మొక్కల శిలాజాల కోసమే బీర్బల్ సాహ్నీ 1946లో లక్నోలో సంస్థ స్థాపించారు, అది ఇప్పటికీ పనిచేస్తోంది. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం జియాలజీ విభాగం ఉంది.

ఈ సెలవుల్లో ముందు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి పోయి రా. అక్కడి కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం గోదావరి లోయదే. ఆ తర్వాత మీ సైన్సు టీచరును, ఇంకో ఇద్దరు స్నేహితులను తోడు తెచ్చుకో. పరిగి వైపు పోదాం. లెన్సు, జల్లెడ, గీతల పుస్తకం నువ్వు తీసుకురా. సుత్తి తాత తెస్తాడు.