తాత రేడియోలోంచి గిటార్ ఫజ్

సెకండియర్ ల్యాబ్‌లో కామన్ ఎమిటర్ యాంప్లిఫైయర్ ప్రయోగం మనలో చాలామంది చేసిందే. ఇన్‌పుట్ కాస్త ఎక్కువైతే చాలు, సీఆర్‌ఓ తెర మీద గుండ్రటి సైన్ వేవ్ నెత్తి చదునైపోతుంది. దాన్ని క్లిప్పింగ్ అంటాం. రికార్డులో ఆ బొమ్మ గీస్తే మార్కులు పోతాయి. "ఇన్‌పుట్ తగ్గించు, క్యూ-పాయింట్ మధ్యలోకి తే" అంటారు సార్.

నేను చెప్పబోయేది ఆ చదునైన నెత్తి కోసమే కట్టే సర్క్యూట్ గురించి. దాని పేరు ఫజ్ పెడల్. గిటార్‌కీ యాంప్లిఫైయర్‌కీ మధ్య నేల మీద ఉండే చిన్న డబ్బా. కాలితో నొక్కితే, అప్పటిదాకా శుభ్రంగా మోగిన తీగ తేనెటీగల గుంపులా ఝుమ్మంటుంది.

ఈ శబ్దం పుట్టిందే ఒక రిపేరు నుంచి. అమెరికాలోని నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ' రికార్డు చేస్తుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ఛానెల్ చెడిపోయింది. గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న ఆరు తీగల బేస్ గరగరలాడింది. తీసేయకుండా అలాగే ఉంచారు. 1961లో పాట విడుదలైంది, అందరికీ ఆ గరగరే నచ్చింది. ఆ రికార్డింగ్ ఇంజనీర్ గ్లెన్ స్నోడీ అదే శబ్దాన్ని ట్రాన్సిస్టర్లతో కావాలని పుట్టించే సర్క్యూట్ తయారు చేశాడు. 1962లో అది గిబ్సన్ కంపెనీ ద్వారా 'మాస్ట్రో ఫజ్-టోన్' పేరుతో మార్కెట్‌కి వచ్చింది. 1965లో రోలింగ్ స్టోన్స్ 'శాటిస్‌ఫ్యాక్షన్' వచ్చాక ప్రపంచమంతా పాకింది. 1966లో లండన్ నుంచి వచ్చిన 'ఫజ్ ఫేస్' ఇంకా చిన్న సర్క్యూట్: రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్‌లు. మొత్తం పదకొండు భాగాలు. జిమీ హెండ్రిక్స్ కాలి కింద ఉన్నది ఇదే. నేను కట్టిందీ ఇదే.

పాత ఫజ్ ఫేస్‌లలో జెర్మేనియం ట్రాన్సిస్టర్లు వాడేవాళ్లు. వాటిలో ఒకటి ఏసీ 128. ఇప్పుడు కొనాలంటే మనలాంటి వాళ్ల జేబుకి అందదు. కానీ ఒకప్పుడు బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్లు కూడా దీన్ని తయారు చేశారు. మన దేశపు పాత ట్రాన్సిస్టర్ రేడియోల్లో స్పీకర్‌ని నడిపే చోట ఇవి కనపడతాయి. దేవరకొండ దగ్గర మా ఊళ్లో, తాత గూట్లో, అలాంటి రేడియో ఒకటి ఏళ్లుగా మూగగా పడి ఉంది.

సంక్రాంతి సెలవులకి పోయినప్పుడు అడిగాను. "పాడైందే గదా, తీస్కపో బిడ్డా" అన్నాడు తాత. వెనక మూత విప్పితే, రేకు క్లిప్పుల్లో జంటగా రెండు ఏసీ 128లు. సోల్డరింగ్ ఐరన్ పెట్టి పది నిమిషాల్లో పీకేశాను. ఆ తర్వాత ఊరికే బ్యాటరీ పెట్టె తిప్పి చూశాను. స్ప్రింగు పచ్చగా చిలుము పట్టి ఉంది, దాన్నుంచి స్విచ్‌కి వెళ్లే వైరు తొడుగు లోపలే తెగి ఉంది. రేడియోకి వచ్చిన రోగం బహుశా అదొక్కటే. ముందే మల్టీమీటర్ పెట్టి ఉంటే ఒక్క నిమిషంలో తెలిసేది. తాతకి ఆ సంగతి చెప్పలేదు.

ఇక సర్క్యూట్. మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కి 33 కిలో ఓమ్‌లు. ఆ కలెక్టర్ నేరుగా రెండో ట్రాన్సిస్టర్ బేస్‌కి వెళ్తుంది, మధ్యలో కెపాసిటర్ లేదు. రెండో దాని కలెక్టర్‌కి 470 ఓమ్‌లు, 8.2 కిలో ఓమ్‌లు సిరీస్‌లో. దాని ఎమిటర్ నుంచి 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వెనక్కి వచ్చి మొదటి దాని బేస్‌కి కలుస్తుంది. ఇదే ఫీడ్‌బ్యాక్, బయాస్ ఇచ్చేదీ ఇదే. రెండో ఎమిటర్ కింద ఒక కిలో ఓమ్ పాట్, దాని మధ్య కాలు నుంచి గ్రౌండ్‌కి 22 మైక్రోఫారడ్ల కెపాసిటర్. పాట్ పూర్తిగా తిప్పితే ఏసీ సిగ్నల్‌కి ఎమిటర్ గ్రౌండ్ అయిపోతుంది, ఫీడ్‌బ్యాక్ పోతుంది, గెయిన్ ఒక్కసారిగా లేస్తుంది. ఇన్‌పుట్‌లో 2.2 మైక్రోఫారడ్లు. అవుట్‌పుట్‌ని 470, 8.2 కిలో ఓమ్‌లు కలిసే చోటు నుంచి 0.01 మైక్రోఫారడ్ ద్వారా తీసి, 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్‌కి ఇవ్వాలి. ఏసీ 128 పీఎన్‌పీ కాబట్టి 9 వోల్టుల బ్యాటరీ ప్లస్ వైపు గ్రౌండ్ అవుతుంది, ఎలక్ట్రోలిటిక్‌లు కూడా తిరగబడతాయి. వేరే పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్ వాడితే షార్ట్ అవుతుంది, జాగ్రత్త.

క్లిప్పింగ్ చెవికి ఎందుకు అలా వినిపిస్తుంది? నెత్తి చదునైన తరంగం స్క్వేర్ వేవ్‌కి దగ్గరవుతుంది. స్క్వేర్ వేవ్‌లో మూల స్వరంతో పాటు దానికి మూడు రెట్లది మూడో వంతు బలంతో, ఐదు రెట్లది ఐదో వంతు బలంతో ఉంటాయని ఫోరియర్ సిరీస్‌లో లెక్క కట్టాం. పరీక్ష కోసం రాసిన ఆ లెక్కని నేను మొదటిసారి విన్నది ఇక్కడే. రెండు తీగలు కలిపి మీటితే వాటి తేడా స్వరం కూడా పుడుతుంది. 82, 123 హెర్ట్జ్‌లు కలిస్తే 41 వస్తుంది. అది 82కి సరిగ్గా కింది ఆక్టేవ్, అందుకే పవర్ కార్డ్ అంత లావుగా మోగుతుంది. మూడు నాలుగు స్వరాల కార్డ్ వాయిస్తే మాత్రం తేడాలన్నీ కలిసి బురద అవుతాయి.

జనవరి చలిలో నా పెడల్ బ్రహ్మాండంగా పలికింది. తాతకి వాయించి చూపించాను. శ్రద్ధగా విని, "మంచిగనే ఉన్నదిరా గని, ఇండ్ల వార్తలొస్తయా?" అన్నాడు. నవ్వేశాను.

ఏప్రిల్‌లో ఫెస్ట్ రిహార్సల్. మధ్యాహ్నం, ఆరుబయట స్టేజీ. పెడల్ ఆన్ చేస్తే తీగ మీటిన వెంటనే "ప్చ్" మని తెగిపోతోంది. బ్యాటరీ మార్చాను, వైర్లు మార్చాను, లాభం లేదు. రాత్రి తొమ్మిదికి మళ్లీ కాస్త పలికింది. అప్పుడు అర్థమైంది, చెడింది పెడల్ కాదు, మన నల్లగొండ ఎండ పని ఇది.

జెర్మేనియంలో లీకేజీ కరెంట్ దాదాపు ప్రతి 10 డిగ్రీలకీ రెట్టింపవుతుంది. కొలవడం తేలిక. కలెక్టర్‌లో 2.4 కిలో ఓమ్‌లు పెట్టి, బేస్‌ని ఖాళీగా వదిలి, ఆ రెసిస్టర్ మీద వోల్టేజ్ చూడాలి. జనవరి పొద్దున నాకు 0.25 వోల్టులు వచ్చింది, అంటే దాదాపు 0.1 మిల్లీ ఆంపియర్. మే మధ్యాహ్నం అదే ట్రాన్సిస్టర్‌కి 1.1 వోల్టులు, అంటే 0.45 పైనే. 33 కిలో ఓమ్‌ల మీదుగా మొదటి ట్రాన్సిస్టర్‌కి దొరికే మొత్తం కరెంటే సుమారు 0.26 మిల్లీ ఆంపియర్లు. లీకేజీయే అంత తినేస్తే బేస్ చెప్పే మాట వినేదెవరు? లండన్ చలికి పుట్టిన సర్క్యూట్‌ని నేను 43 డిగ్రీల్లో నిలబెట్టాను. పుస్తకంలో ఉష్ణోగ్రత 25 అని రాసి ఉంటుంది. మన ఊళ్లో మే నెలలో అర్ధరాత్రి కూడా 25 ఉండదు.

కాబట్టి సిలికాన్‌కి మారాను. కోఠి గుజరాతీ గల్లీలో బీసీ 547 రెండు మూడు రూపాయలకే దొరుకుతుంది, లీకేజీ లెక్కలోకే రాదు. ఎన్‌పీఎన్ కాబట్టి మైనస్ గ్రౌండ్. కానీ ట్రాన్సిస్టర్లు మార్చేసి ఊరుకుంటే కుదరదు. గెయిన్ 300 అనుకుంటే రెండో ఎమిటర్ 0.68 వోల్టుల దగ్గర నిలుస్తుంది, ఒక కిలో ఓమ్ కింద 0.68 మిల్లీ ఆంపియర్లు. పైన 8.67 కిలో ఓమ్‌ల మీద 5.9 వోల్టులు పోతే కలెక్టర్‌కి మిగిలేది 3.1. మనకి కావాల్సింది సగం, అంటే 4.5. అందుకని 8.2 బదులు 10 కిలో ఓమ్‌ల ట్రిమ్మర్ పెట్టి, మీటర్ చూస్తూ తిప్పాను. 4.5 దగ్గర ఆగి, ఆ తర్వాత చెవితో కొద్దిగా అటూ ఇటూ సర్దాను. సార్ చెప్పిన "క్యూ-పాయింట్ మధ్యలోకి తే" ఇక్కడా పనికొచ్చింది.

బేస్ గిటార్ వాళ్లకి ఒక మాట. మీ కింది తీగ 41 హెర్ట్జ్. 0.01 మైక్రోఫారడ్ ఆ స్వరాన్ని కోసేస్తుంది, 0.1 వేయండి. అయినా హార్మోనిక్స్ గోలలో మూల స్వరం మునిగిపోతుంది. మా బ్యాండ్‌లో చేసింది ఇది: సిగ్నల్‌ని రెండు దారులు చేసి, ఒకటి ఫజ్ లోంచి, ఒకటి శుభ్రంగా పంపి, చివర టీఎల్ 072తో కలిపాం. ఫజ్‌లో రెండు దశలూ తలకిందులు చేస్తాయి కాబట్టి ఫేజ్ మళ్లీ సరిపోతుంది, రెండూ ఒకదాన్నొకటి చంపుకోవు.

సిలికాన్ పెడల్‌కి ఇంకా డబ్బా కట్టలేదు. హాస్టల్లో ఒక రాత్రి గిటార్ వాయించకుండా ఊరికే ఆన్ చేసి ఉంచితే, యాంప్లిఫైయర్‌లోంచి సన్నగా మనుషుల మాటలు. ఉలిక్కిపడ్డాను. పొడుగాటి గిటార్ కేబుల్ యాంటెన్నా అయింది, బేస్-ఎమిటర్ జంక్షన్ డయోడ్‌లా డిటెక్టర్ పని చేసింది, మీడియం వేవ్ రేడియో పలికింది. మందు తేలికే: ఒక్కో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కీ బేస్‌కీ మధ్య 100 పైకోఫారడ్లు, చుట్టూ గ్రౌండ్ చేసిన ఇనుప డబ్బా. కానీ ఆ మందు వేసే ముందు తాతకి ఫోన్ చేశాను. "తాతా, నువ్వన్నట్టే వార్తలొస్తున్నయ్" అన్నాను.

తాత నవ్వాడు. తర్వాత కాసేపాగి, "నీ డబ్బల వార్తలొస్తున్నయ్. మరి నా డబ్బల ఎప్పుడొస్తయ్ రా?" అన్నాడు.

దసరాకి ఏసీ 128లు రెండూ జేబులో వేసుకుని ఊరికి పోయాను. తెగిన వైరు సంగతి అప్పుడు చెప్పాను. తాత ఏమీ అనలేదు, నా పక్కన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. జెర్మేనియం వేడికి ఓర్చుకోదు కాబట్టి కాలుకి క్రోకడైల్ క్లిప్ పట్టించి సోల్డర్ చేశాను. నా చేతుల వైపే చూస్తూ అన్నాడు: "ఎన్కట మనూరికి కిన్నెరాయన వచ్చేటోడు. తీగ తెగితే ఈ అరుగు మీదనే కూసొని కట్టుకొని, మల్ల పాడేటోడు. ఎవల్ని అడిగేటోడు గాదు."

ఉమ్మడి పాలమూరుకి చెందిన దర్శనం మొగులయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా స్టేటస్‌లు పెట్టుకున్నాం. ఆయన పన్నెండు మెట్ల కిన్నెర వెదురు, ఎండిన సొరకాయ బుర్రలతో చేసిన వాద్యం. ఎక్కడ ఏది దొరికితే దాంతో చెయ్యడం, చెడితే తనే విప్పి చూసుకోవడం: ఫజ్ పెడల్ కట్టడం అంటే నాకు ఇప్పుడు అదే. పాత రేడియో దొరికితే మీరూ ట్రాన్సిస్టర్లు తీసుకోండి. కాకపోతే ముందు మీటర్ పెట్టి చూడండి. బతికే దాన్ని విప్పకండి.

కొత్త వైరు, కొత్త సెల్స్ వేసి స్విచ్ తిప్పాను. చాలాసేపు గరగర. నాకు అలవాటైన గరగరే. తాత మెల్లగా ట్యూనింగ్ చక్రం తిప్పుతూ పోయాడు. మాటలు దొరికాయి. రేడియోని చెవికి ఆనించుకుని, నన్ను చేత్తో ఊకోమన్నాడు.