నలుపు తెలుపు ఆవు పుట్టినిల్లు – ఫ్రీస్లాండ్

సభ్యులలో పలువురి కొట్టాలలో నేడు హెచ్.ఎఫ్. సంకరజాతి ఆవు ఉన్నది. ఆ పేరులోని రెండవ అక్షరం ‘ఫ్రీజియన్’ అను మాటకు గుర్తు. నెదర్లాండ్స్ దేశానికి ఉత్తరాన, సముద్రపుటొడ్డున గల ఫ్రీస్లాండ్ రాష్ట్రాన్ని బట్టి వచ్చిన పేరది.

అక్కడి నేల చాలాచోట్ల సముద్రమట్టం కన్న పల్లం. పూర్వం జనం మట్టి, పేడ పోసి దిబ్బలు పెంచి, వాటిపైననే ఇళ్ళు, పశువుల పాకలు వేసుకొన్నారు. కొల్లేటి లంకలు చూసినవారికి ఇది సులభంగా ఊహకందును. తర్వాత కట్టలు లేచాయి. 1932లో 32 కిలోమీటర్ల పెద్దకట్ట పూర్తయి, లోపలి ఉప్పుటేరు మంచినీటి సరస్సయింది. వాననీటిని మాత్రం నేటికీ తోడిపోయవలసిందే. లెమ్మర్ ఊరిలో 1920 నాటి ఆవిరి పంపులు ఇప్పటికీ ఉన్నాయి. ఉత్తరపు బంకనేలలో బంగాళాదుంప పండుతుంది. మిగతా తడినేలలో దుక్కి కష్టం, పచ్చిక పుష్కలం. అందుచేత పాడియే జీవనాధారమయింది.

ఇంటి ఇల్లాలు చిలికిన వెన్న పీపాలకెక్కి, హార్లింగన్ రేవు నుండి లండనుకు పోయేది. 1870 తర్వాత వనస్పతి వంటి మార్గరీన్ చౌకగా దొరకగా, కొందరు దానిని వెన్నలో కలిపి అమ్మారు. లండను వర్తకులకు నమ్మకం పోయింది. ఒకే నాణ్యతతో వచ్చే డెన్మార్కు వెన్న ఆ స్థానం ఆక్రమించింది. కల్తీ ఎరుగని రైతుకు కూడా ధర పడిపోయింది.

మా తనిఖీ రోజులలో ఒక సంఘం క్యానులు నీళ్ళపాల కారణంగా తిరిగివచ్చాయి. ఆ పూట ఎవరికీ డబ్బు రాలేదు. ఒకే గేదె గల ముసలమ్మ, “నా పాలలో ఏముందయ్యా?” అని అడిగింది. లాక్టోమీటరు చేతనుండి కూడ మేము జవాబివ్వలేకపోయాము. క్యానులో కలిసిన తర్వాత ఎవరి పాలని చెప్పగలం? పోసేటప్పుడే చూడవలసింది.

ఫ్రీస్లాండ్ రైతులు 1886లో వార్గా గ్రామంలో సొంత పాల కర్మాగారం పెట్టుకొన్నారు. ఆ దేశంలో సహకార పద్ధతిన అదే మొదటిది. ఆవుల వంశావళి పుస్తకాన్ని 1879లోనే ప్రారంభించారు. 20వ శతాబ్దం తొలి ఏళ్ళలో పరీక్షించిన వెన్నకు ప్రభుత్వ ముద్ర వచ్చింది.

ఆ ఆవు చలిదేశపుది కనుక మన ఎండకు ఓర్వదు. సంకరజాతికైనా వేసవిలో నీడ, తడిపిన గోనెలు, రేయింబవళ్ళు త్రాగునీరు ఉండాలి. వంశావళి పుస్తకానికి 75 ఏళ్ళు నిండిన 1954లో, ముఖ్యపట్టణం లేవార్డెన్‌లో ఒక కంచు ఆవును నిలిపారు. ఊరివారు దానిని పిలిచే పేరుకు అర్థం ‘మా అమ్మ’.