పళ్ళెం మోతకు ఉలిక్కిపడితే చెవులు బాగున్నట్టేనా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది వీరపునాయునిపల్లె. ఎనిమిదో నెల్లోనే కాన్పయింది. బాబు 1,400 గ్రాములే. ప్రొద్దుటూరులో మూడు వారాలు బాక్సులో ఉంచారు. ఊపిరికి మిషను పెట్టారు, కామెర్లకు లైటు కింద ఉంచారు, జెంటామైసిన్ ఇంజెక్షన్లు వేశారు. ఇప్పుడు రెండు నెలలు నిండాయి. చెవి పరీక్ష చేయించమని డిశ్చార్జి కాగితంలో రాశారు. మా అత్తమ్మ పళ్ళెం మీద గరిటెతో కొడితే ఉలిక్కిపడుతున్నాడు, ఇంక పరీక్ష ఎందుకంటుంది. మాది మేనరికం.

జవాబు: పరీక్ష చేయించాల్సిందేనమ్మా, ఈ నెల దాటనివ్వొద్దు. గరిటె ఎత్తిన చెయ్యి కనపడినా, మంచం అదిరినా పసిబిడ్డ ఉలిక్కిపడతాడు. పెద్ద మోత అందినా మెల్లగా పలికే మాట అందని చెవులుంటాయి.

మామూలు పిల్లల్లో వెయ్యికి ఒకరి నుంచి ముగ్గురికి పుట్టుకతో వినికిడి లోపం ఉంటుంది. మీ బాబులా ఐసీయూలో బాక్సులో ఉండి వచ్చినవాళ్ళలో అది వందకు ఒకరిద్దరు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. ఐదు రోజులు దాటి ఐసీయూలో ఉండడమే ఒక కారణం. జెంటామైసిన్ లోపలి చెవిని దెబ్బతీయొచ్చు. ప్రాణం నిలపడానికి వేసిన మందది, దాని గురించి కుమిలిపోకండి. కామెర్లు లైటుతోనే తగ్గాయా, రక్తం మార్చాల్సి వచ్చిందా అన్నది కాగితంలో చూపించండి. మీది మేనరికం కాబట్టి, మీ రెండువైపుల బంధువుల్లో పుట్టు చెవుడు ఎవరికైనా ఉంటే అదీ చెప్పండి.

ఒకటి మాత్రం గట్టిగా అడగండి: బెరా పరీక్ష. ఓఏఈ అనే చిన్న పరీక్ష లోపలి చెవి వరకే చూస్తుంది. శబ్దం నరం గుండా మెదడుకు చేరుతోందో లేదో చెప్పేది బెరా. నరం దెబ్బతిన్న బిడ్డ ఓఏఈలో పాసైపోవచ్చు, అందుకే ఐసీయూ పిల్లలకు అదొక్కటే చాలదు. పాలు పట్టి, నిద్రపుచ్చి తీసుకెళ్ళండి. నుదుటికి, చెవుల వెనక చిన్న పట్టీలు అంటిస్తారు. సూది లేదు, నొప్పి లేదు. కడప రిమ్స్ ఈఎన్‌టీ విభాగంలో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టు చెవుడు కూడా ఉంది, కాబట్టి మీ ఊరి ఆశా కార్యకర్తకు చెప్పండి. పాసైనా తొమ్మిదో నెలకల్లా మళ్ళీ చూపించాలి.

ప్రశ్న: మా పాపకు చెవి పరీక్షలో ‘రిఫర్’ అని వచ్చింది. చెవుడేనా? – జమ్మలమడుగు

జవాబు: చెవుడని కాదు, మళ్ళీ చూడాలని మాత్రమే. చెవిలో పుట్టినప్పటి జిగురున్నా, పాప కదిలినా అలా వస్తుంది. మూడో నెలలోపు సంగతి తేలాలి. లోపముంటే ఆరో నెలలోపు చెవి మిషను పెట్టించాలి. దానితో లాభం లేకపోతే కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషను ఉంది. లక్షలు ఖర్చయ్యే ఆ ఆపరేషనుకు కేంద్ర ప్రభుత్వ ఏడిఐపి పథకం సాయం అందిస్తుంది.