తలాక్ అయింది కదా, ఇంకా అడ్డేమిటి? ధహ్రాన్‌లోని కథోలికుల పెళ్లి ప్రశ్నలు

సౌదీలోని ధహ్రాన్‌లో చమురు కంపెనీలో, ఆస్పత్రుల్లో, పెట్రోలియం విశ్వవిద్యాలయంలో పనిచేసే మనవాళ్లలో గుంటూరు కథోలికులూ ఉంటారు, హైదరాబాద్ ముస్లింలూ ఉంటారు. పరిచయం పెళ్లి మాట దాకా వస్తే ఇంట్లోవాళ్ల గొడవంతా మతం గురించే. కానీ మతం వేరైతే అనుమతి ఇచ్చే పద్ధతి శ్రీసభలో ఎప్పటి నుంచో ఉంది. ఆ ముస్లిం వ్యక్తికి ఇదివరకే పెళ్లై ఉంటేనే అసలు చిక్కు. ఆ మొదటి పెళ్లిని శ్రీసభ ఒకలా, సౌదీ చట్టం ఇంకోలా, భారత చట్టం మరోలా చూస్తాయి. ఒకచోట తెగిన బంధం మిగతా రెండు చోట్లా తెగినట్టు కాదు. ఎక్కువమంది అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

ఆయనకు మొదటి భార్యతో తలాక్ అయిపోయింది, కాగితం కూడా ఉంది. గుడిలో పెళ్లి చేసుకోవచ్చా?

ఆ కాగితం ఒక్కటే చాలదు. 1983 నాటి కానన్ చట్టంలో 1085వ నియమం ప్రకారం, ముందు పెళ్లి బంధం ఉన్నవారు మళ్లీ పెళ్లి చేసుకుంటే అది చెల్లదు. ఆ ముందు పెళ్లి చెల్లనిదే అయినా, రద్దయినదే అయినా, ఆ సంగతి శ్రీసభ అధికారికంగా తేల్చేదాకా కొత్త పెళ్లి జరపకూడదు. తలాక్‌నామా, కోర్టు విడాకుల డిక్రీ విచారణలో పనికొచ్చే ఆధారాలే. వాటితో బంధం తెగిందని మాత్రం శ్రీసభ అనుకోదు.

వాళ్లిద్దరూ ముస్లింలే కదా. వాళ్ల నిఖాతో శ్రీసభకు ఏం పని?

గుడిలో జరగని పెళ్లిని శ్రీసభ పెళ్లిగానే చూడదని చాలామంది నమ్మకం. గురువు ముందు, ఇద్దరు సాక్షుల ఎదుట పెళ్లి జరగాలన్న నియమం కథోలికులకే. జ్ఞానస్నానం పొందని ఇద్దరు తమ ఆచారం ప్రకారం చేసుకున్న పెళ్లి శ్రీసభ లెక్కలో నిజమైన పెళ్లే. అది దివ్యసంస్కారం కాదు, అంతే తేడా. చెల్లదని రుజువయ్యేదాకా ఏ పెళ్లయినా చెల్లుతుందనే శ్రీసభ భావిస్తుంది. అందుకే మీ విచారణ (పారిష్) గురువు మంచివాడైనా, మీ కుటుంబానికి దగ్గరివాడైనా, తనంతట తానుగా "ఫర్వాలేదు" అనలేడు.

అయితే ఉన్న దారులేమిటి?

మొదటి పెళ్లి ఎవరితో, ఎలా జరిగిందన్న దాన్నిబట్టి దారి మారుతుంది.

• మొదటి భార్య చనిపోయి ఉంటే: మరణ ధ్రువపత్రం చాలు. ఇది అన్నిటికంటే తేలిక.

• మొదటి భార్య కథోలికురాలై, శ్రీసభ అనుమతి లేకుండా నిఖా గానీ రిజిస్టర్ పెళ్లి గానీ చేసుకుని ఉంటే: ఆ పెళ్లి శ్రీసభ పద్ధతిలో జరగలేదు కాబట్టి చెల్లదు. ఆమె జ్ఞానస్నాన పత్రం, నిఖానామా వంటి కాగితాలతోనే తేల్చవచ్చు.

• బలవంతపు పెళ్లి, మోసం, జీవితాంతం కలిసి ఉండే ఉద్దేశం మొదటి నుంచే లేకపోవడం వంటివి ఉంటే: పీఠం న్యాయస్థానంలో, ఆ పెళ్లి మొదటి నుంచీ చెల్లదన్న తీర్పు కోరవచ్చు. జ్ఞానస్నానం లేనివారు కూడా అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. పోప్ ఫ్రాన్సిస్ 2015లో తెచ్చిన మార్పులతో రెండో న్యాయస్థానం కూడా అదే తీర్పు చెప్పాలన్న నిబంధన పోయింది.

• పెళ్లి చెల్లినదే, కానీ విరిగిపోయింది అంటే: విశ్వాస ప్రయోజనార్థం ఆ బంధాన్ని రద్దు చేయమని పోప్‌ను కోరవచ్చు. జ్ఞానస్నానం లేనివారి పెళ్లిని ఇలా రద్దు చేసే అధికారం పోప్‌ది. మీ పీఠాధిపతి విచారణ జరిపించి ఫైలు రోముకు పంపుతారు. ఇద్దరు ముస్లింల మధ్య జరిగి విడాకులైన పెళ్లికి ఎక్కువగా పట్టే దారి ఇదే. నెలల తరబడి సాగే పని.

ఆయన భార్యతో ఉన్నప్పుడే మా పరిచయం మొదలైంది. ఆ మాట ఫాదర్ గారికి చెప్పాలా?

చెప్పాలి, అదీ మొదటిరోజే. రోము 2001 ఏప్రిల్ 30న ఇచ్చిన నిబంధనల్లో మూడు షరతులు కీలకం. మొదటి దంపతులు మళ్లీ కలిసి బతికే అవకాశం ఉండకూడదు. అర్జీదారే ఆ పెళ్లి చెడడానికి పూర్తిగా గానీ ప్రధానంగా గానీ కారణమై ఉండకూడదు. కొత్తగా చేసుకోబోయే వ్యక్తి, అంటే మీరు, తన తప్పుతో ఆ విడిపోవడానికి కారణమై ఉండకూడదు. విచారణలో మొదటి భార్య మాట కూడా అడుగుతారు, సాక్షులనూ అడుగుతారు. దాచిన సంగతి అక్కడ బయటపడితే ఫైలు ఆగడమే కాదు, మీ మిగతా మాటలనూ నమ్మరు.

ఆయన జ్ఞానస్నానం తీసుకుంటే పని తేలికవుతుందా?

శ్రీసభ చట్టంలో అవునన్నట్టే. పౌలు పేరు మీద ఒక సదుపాయం ఉంది: ఒకరు జ్ఞానస్నానం పొందాక, జ్ఞానస్నానం లేని మొదటి భాగస్వామి కలిసి ఉండడానికి ఇష్టపడకపోతే, కొత్త పెళ్లితో పాత బంధం రద్దవుతుంది. కానీ పెళ్లి కోసమే జ్ఞానస్నానం అంటే ఏ గురువూ ఒప్పుకోడు. పైగా మీరున్నది సౌదీలో. అక్కడ ఇస్లాం వదలడం మరణశిక్ష దాకా వెళ్లగల నేరం. ఆ దేశంలో ఇకామా (నివాస అనుమతి) మీద బతుకుతున్న మనిషిని ఆ దిశగా తొయ్యడం ప్రేమ అనిపించుకోదు.

పోనీ నేనే ముస్లింగా మారితే శ్రీసభ నియమాలు నాకు వర్తించవు కదా?

వర్తిస్తాయి. శ్రీసభను లాంఛనంగా విడిచినవారికి పెళ్లి నియమాల్లో ఒకప్పుడు కొంత వెసులుబాటు ఉండేది. పోప్ బెనెడిక్ట్ 16 దాన్ని 2009 అక్టోబరులో తీసేశారు. ఇప్పుడు మతం మారి నిఖా చేసుకున్నా శ్రీసభ ముందు అది చెల్లని పెళ్లే. సౌదీలో షహాదా (ఇస్లాం విశ్వాస ప్రమాణం) చదివి, రేపు మనసు మారి వెనక్కి రావాలనుకుంటే అక్కడి చట్టం దృష్టిలో మీరూ ఇస్లాం వదిలినవారే అవుతారు.

మొదటి పెళ్లి సంగతి తేలాక, మతం వేరు కాబట్టి ఇంకో అనుమతి కావాలా?

కావాలి. జ్ఞానస్నానం లేనివారితో పెళ్లికి పీఠాధిపతి మినహాయింపు లేకపోతే పెళ్లి చెల్లదు. మీరు రెండు మాటలివ్వాలి: మీ విశ్వాసానికి ముప్పు రాకుండా చూసుకుంటాననీ, పిల్లలందరికీ జ్ఞానస్నానం ఇప్పించి కథోలికులుగా పెంచడానికి నా శక్తిమేరకు ప్రయత్నిస్తాననీ. మామూలుగా ఆయనకు ఈ సంగతి తెలియజేస్తే చాలు, ఆయన మాటివ్వనక్కర్లేదు. అయితే మొదటి పెళ్లిని పోప్ రద్దు చేయాల్సిన కేసైతే ఆయనా ఒక ప్రకటన చేయాలి: మీ విశ్వాసానికీ, పిల్లల కథోలిక పెంపకానికీ అడ్డు రానని. చాలా జంటలు నిజంగా మాట్లాడుకోవాల్సిన చోటు ఇదే.

ధహ్రాన్‌లో గుడే లేదు. ఎవరిని అడగాలి?

సౌదీలో గుళ్లు లేవు, బహిరంగ క్రైస్తవ ఆరాధనకు అనుమతీ లేదు. కానీ మీకు పీఠాధిపతి ఉన్నారు. సౌదీ, బహ్రెయిన్, కువైట్, ఖతర్ నాలుగూ ఉత్తర అరేబియా అపోస్తలిక వికారియేట్ కిందికి వస్తాయి. దాని కేంద్రం బహ్రెయిన్‌లోని అవాలీ. 2021 డిసెంబరులో ప్రారంభమైన అరేబియా మాత కేథడ్రల్ అక్కడే ఉంది. పక్కనున్న ఖోబర్ నుంచి 25 కిలోమీటర్ల కింగ్ ఫహద్ వంతెన దాటితే బహ్రెయిన్. శుక్రవారం పూజకు వెళ్లేవాళ్లు ఎగ్జిట్ రీఎంట్రీ వీసా చూసుకుని బయల్దేరినట్టే, ఈ పని కోసమూ అక్కడి గురువు దగ్గర ముందే సమయం తీసుకుని వెళ్లండి. ఊళ్లో మీ స్థిరనివాసం అలాగే ఉంటే అక్కడి విచారణ గురువు ద్వారా కూడా ఫైలు నడపవచ్చు.

గురువు లేనిచోట ఇద్దరు సాక్షుల ముందు చేసుకున్నా చెల్లుతుందని విన్నాం. నిజమేనా?

1116వ నియమంలో ఆ మాట ఉంది. ప్రాణాపాయంలో, లేదా నెలరోజుల పాటు గురువు దొరకడన్న పరిస్థితిలో అది పనికొస్తుంది. వంతెన అవతల గురువు ఉండగా ఆ సాకు నిలవడం కష్టం. నిలిచినా, అది గురువు లేని లోటును తీరుస్తుందే తప్ప మొదటి పెళ్లి బంధాన్ని గానీ మతభేదపు అడ్డును గానీ తొలగించదు.

సౌదీ చట్టం ఏమంటుంది?

ముస్లిం పురుషుడు క్రైస్తవ స్త్రీని పెళ్లాడవచ్చు. ముస్లిం స్త్రీ క్రైస్తవ పురుషుణ్ని పెళ్లాడడం అక్కడ కుదరదు. 2022లో అమల్లోకి వచ్చిన వ్యక్తిగత హోదా చట్టం ప్రకారం పెళ్లికూతురికి వలీ (సంరక్షకుడు) కావాలి. తలాక్‌ను భర్త అధికారికంగా నమోదు చేయించాలి. విడాకులైన స్త్రీ ఇద్దత్ (విడాకుల తర్వాత ఆగాల్సిన గడువు) ముగియకుండా మళ్లీ పెళ్లాడకూడదు. పురుషుడికి నలుగురు భార్యల దాకా అనుమతి ఉంది కాబట్టి, మొదటి భార్య ఉన్నా సౌదీలో నిఖా ఆగదు. అక్కడ నిఖా జరిగిందంటే ఆయన ఒంటరివాడని మాత్రం అనుకోకండి. పెళ్లి కాకుండా కలిసి ఉండడం సౌదీలో నేరమని కూడా గుర్తుంచుకోండి.

రియాద్‌లోని భారత రాయబార కార్యాలయంలో పెళ్లి చేసుకోవచ్చా?

ధహ్రాన్ ఉన్న తూర్పు ప్రాంతం రియాద్ కార్యాలయం పరిధిలోదే. 1969 విదేశీ వివాహ చట్టం ప్రకారం ఒక్కరైనా భారత పౌరులైతే నోటీసు ఇవ్వవచ్చు. ఇద్దరిలో ఎవరికీ బతికున్న భార్య గానీ భర్త గానీ ఉండకూడదు. అయితే స్థానిక చట్టం నిషేధించిన పెళ్లిని జరపనని మ్యారేజ్ ఆఫీసర్ తిరస్కరించవచ్చు. కథోలిక పురుషుడు, ముస్లిం స్త్రీ అయిన జంట అక్కడ ఆశ పెట్టుకోకపోవడం మంచిది.

ఊరికొచ్చి రిజిస్టర్ పెళ్లి చేసుకుంటే?

మతం మారకుండా పెళ్లాడాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం గట్టి దారి. ఇద్దరిలో ఒకరు నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో ఉండాలి. తర్వాత అభ్యంతరాలకు ఇంకో 30 రోజులు. పెళ్లి రోజు ముగ్గురు సాక్షులు. నెల సెలవు మీద వచ్చే గల్ఫ్ ఉద్యోగికి ఈ లెక్క కుదరదు కాబట్టి, ఎక్కువ రోజులు ఊళ్లో ఉండగలిగినవారి జిల్లాలో నోటీసు ఇవ్వండి. మతం వేరన్నది అభ్యంతరం కింద చెల్లదు. మొదటి భార్య ఉందన్నది చెల్లుతుంది.

ఇక్కడే తలాక్ కాగితాన్ని దగ్గరగా చదవాలి. అందులో మూడు తలాక్‌లు ఒకే తేదీన, ఒకే సంతకంతో ఉన్నాయా? వాట్సాప్ సందేశానికి తీసిన ప్రింటా? అలాంటి తక్షణ తలాక్‌ను సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న కొట్టేసింది. 2019 చట్టం దాన్ని చెల్లనిదిగా, మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరంగా చేసింది. అంటే ఆ మొదటి పెళ్లి భారత చట్టంలో ఇంకా ఉన్నట్టే. ఖులా (భార్య కోరి తీసుకునే విడాకులు) అయితే వేరే సంగతి: భార్య ఖులా కోరినప్పుడు దాన్ని ఆపే హక్కు భర్తకు లేదని తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో చెప్పింది. ఏదైనా సరే, కోర్టు డిక్రీ చేతిలో ఉంటే మ్యారేజ్ ఆఫీసర్ దగ్గర వాదన ఉండదు.

శ్రీసభ పద్ధతి నుంచి మినహాయింపు ముందే తెచ్చుకుంటే ఈ రిజిస్టర్ పెళ్లినే శ్రీసభ కూడా ఒప్పుకుంటుంది.

పెద్దవాళ్ల తృప్తికోసం ముందో వెనకో నిఖా కూడా చేసుకుంటే తప్పేంటి?

ఒక పెళ్లికి రెండు మతపరమైన ప్రమాణాలు కూడదని 1127వ నియమం. పైగా నిఖా ఉత్తి వేడుక కాదు. మెహర్, సాక్షులు, సంతకాలు ఉన్న ఒప్పందం. 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, ఒకరు క్రైస్తవులైన పెళ్లి ఆ చట్టం చెప్పినట్టు జరగకపోతే చెల్లదు. మన దగ్గర నిఖా మాత్రమే ఆధారంగా పెట్టుకున్న క్రైస్తవ భార్య రేపు కోర్టుకెళ్తే అవతలివాళ్లు ఎత్తే మొదటి ప్రశ్న అదే. పెద్దల తృప్తికి విందు పెట్టండి, దువా చేయించుకోండి.

మాకు నిఖా అయిపోయింది. నేనిక దివ్యసత్ప్రసాదానికి దూరమేనా?

ప్రస్తుతానికి స్వీకరించకూడదు. పూజకు వెళ్లడానికి, ప్రార్థించడానికి, పిల్లలకు జ్ఞానస్నానం అడగడానికి అడ్డు లేదు. ఆయన మొదటి బంధం తేలి, మతభేదానికి మినహాయింపు వస్తే మీ పెళ్లిని శ్రీసభలో సరిచేయించుకోవచ్చు. శ్రీసభ మిమ్మల్ని వెలివేయలేదు.

పిల్లలు, ఆస్తి సంగతి?

సౌదీలో ముస్లిం తండ్రి పిల్లలు ముస్లింలే. మీరు శ్రీసభకు ఇచ్చిన మాట అక్కడి కాగితాల్లో కనిపించదు. అక్కడి చట్టంలో ముస్లిమేతర భార్యకు భర్త ఆస్తిలో వారసత్వం లేదు. ఆయన వసీయత్ (వీలునామా) రాస్తే మూడో వంతు దాకా ఇవ్వవచ్చు. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకుంటే మన దేశంలో 1925 భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది, భార్యకూ పిల్లలకూ వాటా ఉంటుంది. ఏ చట్టం కింద పెళ్లన్నది ఇరవై ఏళ్ల తర్వాత ఇలా ముందుకొస్తుంది.

ఇంట్లో తేదీ పెట్టమంటున్నారు. ముందు ఏం చేయాలి?

ముందు ఆయన కాగితాలు అడగండి: మొదటి నిఖానామా, విడాకుల డిక్రీ లేదా మరణ ధ్రువపత్రం, ఒకటికంటే ఎక్కువ పెళ్లిళ్లయితే ప్రతి పెళ్లికీ విడివిడిగా. సౌదీలో పుట్టిన కాగితానికి అపోస్టిల్ వేయించండి. 2022 డిసెంబరు నుంచి సౌదీ కూడా అపోస్టిల్ ఒప్పందంలో ఉంది. మీ జ్ఞానస్నాన పత్రం ఆరు నెలల్లోపు తీసినది తెప్పించుకోండి. వాటితో గురువును కలవండి. సివిల్ పెళ్లి నోటీసు ఆ తర్వాత. మంటపం అడ్వాన్సు అన్నిటికంటే చివర. మొదటి పెళ్లి కాగితాలు చూపించడానికి ఆయన ఇవాళా రేపూ అంటుంటే, శ్రీసభ గానీ కోర్టు గానీ అడగకముందే మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంది. అది ఆయన్నే అడగండి.